రావడం జరిగింది

లీడ్స్‌లో, కాలువ పక్కన,
ఒకప్పుడు ఉన్ని దువ్విన మిల్లు ఇప్పుడు సభా మందిరం.
వాన పడితే ఇనుప స్తంభాలకి ఇంకా గొర్రె వాసన వేస్తుందని
మైకు తగిలించే డారెన్ నవ్వుతాడు.
మెడలో వేలాడే కార్డు మీద 'మృణాళిని' అని చదివి,
కూడబలుక్కుని, ఒత్తు ఎక్కడో పారేసి,
కోటు మడతకి క్లిప్పు పెడుతూ
"మీ గొంతు ఒకసారి" అంటాడు.

నా గొంతు.
మూడేళ్ళు ఒక టీచరమ్మ ముందు కూర్చుని
అద్దంలో పెదాలు చూసుకుంటూ
మెట్టు మెట్టూ పైకి మోసుకొచ్చిన గొంతు.
"ఒకటి, రెండు, మూడు" అంటాను.
చాలంటాడు.

ఐదు వందల మంది. బయట వాన.
నేను చెప్పేది ప్రతిసారీ చెప్పేదే:
ఇరవై రెండేళ్ళ కిందట, జీతాల సాఫ్ట్‌వేర్‌లో
ఒక చిన్న నిబంధన రాశాను.
ఆడా మగా అనే గడిలో ఒకసారి నింపింది
ఇక ఎవరూ దిద్దకూడదు.
తప్పులు తగ్గాయని పైవాళ్ళు మెచ్చుకున్నారు.
పదమూడేళ్ళ తర్వాత అదే గడి ముందు కూర్చుని
నా పేరుకి ఎదురుగా నేనే మీట నొక్కాను.
'అనుమతి లేదు' అంది ఎర్రటి అక్షరాల్లో,
నేను రాసిన వాక్యంతోనే.

ఇక్కడ నవ్వుతారు. ఎప్పుడూ ఇక్కడే నవ్వుతారు.
నవ్వనిచ్చి, నీళ్ళు తాగుతాను.
సాంకేతిక విభాగానికంతటికీ పెద్దనయ్యాక
మొదట తీయించిన తాళం అదేనని చెప్తాను.

చివరి వరసలోంచి ఒకాయన లేచి,
"పొరపాటున పాత మాట నోటికొచ్చేస్తే?"
"దిద్దుకుని ముందుకెళ్ళండి.
తప్పు మీది. మిమ్మల్ని ఓదార్చే పని నాకు పెట్టకండి."
చప్పట్లు.

ఆ చప్పట్లలో ఒక జత చేతులు మా తమ్ముడివి.
సుధాంశు. లెస్టర్ నుంచి కారేసుకుని
మొదటిసారి వినడానికొచ్చాడు.

వాడితో నాకు గొడవ లేదు. అదే గొడవ.
తొమ్మిదేళ్ళుగా వాడి తెలుగు
మున్సిపాలిటీ నోటీసు.
"ఇంటికి రావడం జరిగిందా? భోజనం చేయడం జరిగిందా?"
'వచ్చాడు' అనలేడు. 'వచ్చింది' అనడు.
మరీ ఇరుకున పడితే 'వచ్చారు' అంటాడు,
వాడి ముక్కు తుడిచిన చేతికి
'గారు' తొడుగుతాడు.
'అన్నయ్యా' పోయింది. దాని చోట
"ఇదిగో, వినపడుతోందా?"

నన్నడిగితే మన భాష మంచిదే.
'నేను వచ్చాను' అంటే
ఎవరివి నువ్వని ఏ అక్షరమూ నిలదీయదు.
'నువ్వు వచ్చావు' అన్నా అంతే.
ఎదురెదురుగా ఉన్నంతసేపు ఇద్దరం క్షేమం.
నేను గది దాటానా,
క్రియాపదం చివర కాపలావాడు లేచి నిలబడతాడు.

వాన వచ్చింది. పిల్లి వచ్చింది. బస్సు వచ్చింది.
అక్క వచ్చింది.
ఆడదాన్ని వాటితో ఒకే గాటన కట్టిన వ్యాకరణమని
నా స్నేహితురాళ్ళు మండిపడతారు.
న్యాయమే.
నేనైతే ఆ గాటకే మెడ చాచి
తొమ్మిదేళ్ళుగా నిలబడ్డాను.

సభ అయింది. ఎవరో పూలిచ్చారు, ఎవరో ఏడ్చారు,
డారెన్ వచ్చి క్లిప్పు విప్పుకుపోయాడు.
పక్క తలుపులోంచి కార్ల వైపు దిగాను.

వాడు అటు తిరిగి ఉన్నాడు.
గొడుగు మెడకీ భుజానికీ మధ్య ఇరికించి
భార్యతో ఫోన్లో:
"ఆఁ, అయిపోయింది.
అక్క ఇంకా లోపలే ఉంది, ఫోటోలు దిగుతోంది.
బాగా మాట్లాడిందే.
తిక్కది, ఇంత వానకి గొడుగు కూడా తెచ్చుకోలేదు."

పిలవలేదు.
రెండడుగులు వెనక్కి వేసి
వానలోనే నిలబడ్డాను,
ఇంకొక్క క్రియాపదం కోసం.